కొచ్చి పాత పట్టణంలో మ్యూజియాలు, చిత్రశాలలు చూడటం ఎలా

కేరళ యాత్రకు వెళ్ళే తెలుగువారు కొచ్చికి సాధారణంగా ఒక్క పూట మాత్రమే కేటాయిస్తారు. సముద్రపు ఒడ్డున చైనా వలల ముందు ఫోటోలు దిగి, మట్టాంచేరి రాజభవనంలో ఓ చుట్టు చుట్టి, చీకటి పడేలోగా మున్నారుకో అలప్పుళకో బయలుదేరుతారు. అలా హడావిడిగా చూసినవారికి ఆ భవనంలో పెద్దగా ఏమీ లేదనిపించడం సహజమే, ఎందుకంటే హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియంలో లాగా గదుల నిండా వస్తువులు అక్కడ ఉండవు. కొచ్చిలో చూడవలసినవి చాలావరకు గోడల మీద, పైకప్పుల్లో, కాళ్ళ కింది నేలలో ఉంటాయి. మ్యూజియం ఏ భవనంలో ఉందో ఆ భవనమే అందులోని ముఖ్యమైన ప్రదర్శన. ఈ సంగతి మనసులో పెట్టుకుని, వెళ్ళే చోట్లు తగ్గించుకుని, ఒక్కొక్క చోట ఎక్కువసేపు గడపడం కొచ్చిని చూసే సరైన పద్ధతి అని నా అభిప్రాయం. అందుకు ఏ రోజున వెళ్ళాలో, ఏది ముందు చూడాలో, ఏ గదిలో ఎక్కువసేపు నిలబడాలో వివరిస్తాను.

రోజులు, దారులు

పాత కొచ్చి నిజానికి రెండు ఊళ్ళు. పడమట సముద్రాన్ని ఆనుకుని ఉన్నది ఫోర్ట్ కొచ్చి. 1503లో పోర్చుగీసువారు కోట కట్టుకున్నది ఇక్కడే. ఆ కోట 1663లో డచ్చివారి చేతికి, 1795లో ఇంగ్లీషువారి చేతికి మారింది. అక్కడికి రెండు మూడు కిలోమీటర్ల దూరంలో, బ్యాక్‌వాటర్ ఒడ్డున ఉన్నది మట్టాంచేరి. కొచ్చి రాజుల భవనం, యూదుల వీధి, మిరియాలు, అల్లం, శొంఠి నిలవచేసిన గిడ్డంగులు ఇక్కడివి. నీళ్ళకు తూర్పున ఉన్న ఎర్నాకుళం కొత్త నగరం. మనం రైలు దిగేదీ, ఎక్కువ మంది బస చేసేదీ అక్కడే.

ప్రయాణం తేదీలు ఖాయం చేసుకునే ముందే వారం చూసుకోవాలి, ఎందుకంటే ఇక్కడి సెలవులు ఒకదానికొకటి పొసగవు. మట్టాంచేరి రాజభవనానికి శుక్రవారం సెలవు. దాని పక్కనే ఉన్న యూదుల ప్రార్థనామందిరం పరదేశి సినగాగ్‌లోకి శుక్రవారం మధ్యాహ్నం నుంచి శనివారం అంతా, యూదుల పండుగ రోజుల్లోనూ సందర్శకులను రానివ్వరు. ఫోర్ట్ కొచ్చిలోని ఇండో-పోర్చుగీస్ మ్యూజియానికి, త్రిపుణితుర హిల్ ప్యాలెస్‌కు సోమవారం సెలవు. సెయింట్ ఫ్రాన్సిస్ చర్చిలో ఆదివారం ఉదయం ప్రార్థనలు జరుగుతాయి. ఇవన్నీ కలిపి చూస్తే మంగళ, బుధ, గురువారాల్లో ఏ రెండు రోజులు దొరికినా అన్ని తలుపులూ తెరిచే ఉంటాయి. శని, ఆదివారాలు తప్ప వీలుకానివారు శనివారం రాజభవనాన్నీ ఇండో-పోర్చుగీస్ మ్యూజియాన్నీ చూసి, సినగాగ్‌ను ఆదివారం ఉదయానికీ, చర్చిని ఆ మధ్యాహ్నానికీ ఉంచుకోవాలి. శుక్రవారం కొచ్చిలో దిగినవారు ఆ రోజును పూర్తిగా ఫోర్ట్ కొచ్చికే ఇవ్వాలి. వేళలు, సెలవులు, రుసుములు అప్పుడప్పుడు మారుతుంటాయి కాబట్టి బయలుదేరే ముందురోజు ఒకసారి సరిచూసుకోవడం అవసరం.

నవంబరు మధ్య నుంచి సంక్రాంతి దాకా మన రెండు రాష్ట్రాల నుంచి వేలాది మంది అయ్యప్ప భక్తులు ఎర్నాకుళం మీదుగా రాకపోకలు సాగిస్తారు. కొండ దిగి వచ్చాక తిరుగు రైలుకు ఒక రోజు వ్యవధి ఉన్నవారు దాన్ని స్టేషను విశ్రాంతి గదిలో గడపకుండా మట్టాంచేరికి వెళ్ళవచ్చు. అక్కడి గోడల మీద ఉన్నది రామాయణం కాబట్టి ఆ యాత్రకు అది ఏ విధంగానూ పరాయిది కాదు.

ఎర్నాకుళం హైకోర్టు టెర్మినల్ నుంచి ఫోర్ట్ కొచ్చికి వాటర్ మెట్రో పడవలు నడుస్తున్నాయి. 2023లో మొదలైన ఈ సేవ ఎండలో వంతెనల మీదుగా ఆటోలో రావడం కన్నా హాయిగా ఉంటుంది. ఫోర్ట్ కొచ్చి లోపల నడకే మంచిది. మట్టాంచేరికి ఆటో మాట్లాడుకునేటప్పుడు ఎక్కడికి వెళ్ళాలో, ఎక్కడ దిగాలో స్పష్టంగా చెప్పి, మధ్యలో దుకాణాల దగ్గర ఆపనవసరం లేదని కూడా ముందే చెప్పాలి. లేకపోతే కళాఖండాలు అమ్మే పెద్ద దుకాణాలు రెండు మూడు తిప్పిన తర్వాతే రాజభవనం దగ్గర దింపుతారు. అప్పటికి ఉదయపు వెలుగూ పోతుంది, ఓపికా పోతుంది.

మట్టాంచేరి రాజభవనం

రెండు రోజుల్లో మొదటి రోజును మట్టాంచేరితోనే ప్రారంభించాలి, అదీ తలుపులు తెరిచే వేళకు. పొద్దెక్కే కొద్దీ బస్సుల్లో బృందాలు వస్తాయి. చిన్న గదుల్లో నలభై మంది ఒకేసారి నిలబడితే గోడ కనిపించదు.

ఈ భవనాన్ని డచ్ ప్యాలెస్ అంటారు గాని కట్టింది డచ్చివారు కాదు. పోర్చుగీసువారు 1555 ప్రాంతంలో దీన్ని కట్టించి కొచ్చి రాజు వీర కేరళవర్మకు కానుకగా ఇచ్చారు. 1663లో పోర్చుగీసువారిని వెళ్ళగొట్టిన డచ్చివారు దీనికి మరమ్మతులు, మార్పులు చేయించడంతో వారి పేరు నిలిచిపోయింది. బయటి నుంచి చూస్తే తెల్లసున్నం గోడలు, పెంకుల కప్పు తప్ప ఆడంబరమేమీ కనిపించదు. లోపలికి వెళ్ళే ముందు భవనాన్ని ఒకసారి చుట్టి చూడాలి. నడుమ ముంగిలి, దాని చుట్టూ నాలుగు పక్కలా గదుల వరసలు: గోదావరి జిల్లాల్లోనో కృష్ణా తీరంలోనో మండువా లోగిలి చూసినవారికి ఈ అమరిక పరిచయమైనదే, కేరళలో దీన్ని నాలుకెట్టు అంటారు. ముంగిట్లో ఉన్నది రాజవంశపు ఇలవేల్పు పళయన్నూర్ భగవతి గుడి. కట్టించినవారు సముద్రం దాటి వచ్చిన క్రైస్తవులు, ఇంటి నమూనా కేరళది, నడిమధ్య కొలువై ఉన్నది అమ్మవారు. కొచ్చి రాజకీయం ఎలా నడిచిందో ఆ మూడింటినీ కలిపి చూస్తే చాలావరకు బోధపడుతుంది.

మ్యూజియం పై అంతస్తులో ఉంది, మెట్లెక్కి వెళ్ళాలి. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవారిని తీసుకువెళ్ళేవారు ఈ విషయం ముందే గుర్తుంచుకోవాలి. పైకి వెళ్ళగానే పట్టాభిషేక మండపం, అందులోని రాజుల చిత్తరువులు ఆకర్షిస్తాయి గాని అక్కడ ఆగకుండా నేరుగా రాజుగారి శయనమందిరానికి, అంటే పల్లియరకు, వెళ్ళమని నా సలహా. జనం చేరేలోగా ప్రశాంతంగా చూడవలసిన గది అదే. లోపల వెలుతురు తక్కువ. ఎండలోంచి వచ్చిన కళ్ళు సర్దుకోవడానికి రెండు మూడు నిమిషాలు పడుతుంది కాబట్టి అంతవరకు ఏ బొమ్మనూ గుర్తుపట్టే ప్రయత్నం చేయకుండా ఊరికే నిలబడాలి.

ఆ గోడల నిండా రామాయణం ఉంది. సంతానం కోసం దశరథుడు చేసిన యాగంతో మొదలై, రాముడు అయోధ్యకు తిరిగిరావడంతో ముగిసే కథను నలభైకి పైగా ఘట్టాలుగా గీశారు. ఇవి ఈ భవనంలోని చిత్రాలన్నిటిలోకీ పాతవి. మొదటిసారి చూసినప్పుడు కలిగేది తికమకే. లేపాక్షి వీరభద్రాలయపు కప్పు మీది చిత్రాలు దాదాపు ఇదే శతాబ్దానివి, కాని వాటిలో మనుషులు వరసగా, పక్కవాటుగా, ఒకరికొకరు ఎడంగా నిలబడతారు, చీరల అంచులు కూడా విడివిడిగా లెక్కపెట్టవచ్చు. మట్టాంచేరిలో ఖాళీ జాగా అన్నది కనిపించదు. కిరీటాలు, చేతులు, ఏనుగులు, చెట్లు ఒకదాని మీదికి ఒకటి వస్తూ గోడ మొత్తాన్ని నింపేస్తాయి, ఒక ఘట్టం ఎక్కడ ముగిసి ఇంకొకటి ఎక్కడ మొదలైందో వెంటనే తెలియదు.

దీన్ని చదవడానికి తేలిక మార్గం ఏమిటంటే, మొదటి నుంచి వరసగా చూడాలని పట్టుబట్టకుండా, సందేహం లేకుండా గుర్తుపట్టగలిగిన ఒక్క ఘట్టాన్ని ముందు వెతుక్కోవడం. పది తలల రావణుడో, యాగం దగ్గర కూర్చున్న ఋష్యశృంగుడో, ఏదో ఒకటి దొరికితే దానికి ముందేమి జరిగిందో, తర్వాతేమి జరుగుతుందో మనకు చిన్నప్పటి నుంచీ తెలుసు. విదేశీ సందర్శకులు పుస్తకం చేతబట్టుకుని వెతుక్కునే కథ మనకు కంఠస్థమై ఉండటం గొప్ప సౌకర్యం. శ్రీకాళహస్తి కలంకారీ వస్త్రాల మీద రామాయణాన్ని గడులు గడులుగా చూసినవారికి ఇది ఇంకా సులభం. పిల్లలను తీసుకువెళితే ఈ వెతుకులాటను వారికే అప్పగించాలి. పెద్దల కన్నా వారే ముందు కనిపెడతారు.

రెండో ఆధారం రంగు. కేరళ కుడ్యచిత్రాలు ఐదు రంగులతోనే సాగుతాయి: పసుపు, ఎరుపు, ఆకుపచ్చ, నలుపు, తెలుపు. ఎవరికి ఏ రంగన్నది చిత్రకారుడి ఇష్టానికి వదిలిన విషయం కాదు, పాత్ర గుణాన్ని బట్టి ముందే నిర్ణయమై ఉంటుంది. సాత్త్వికులు ఆకుపచ్చ, రాజసులు ఎరుపు నుంచి బంగారు పసుపు దాకా, తామసులు తెలుపు లేదా నలుపు. అందువల్ల గుంపులో రాముణ్ణి వెతకాలంటే పచ్చని మేనిని వెతికితే చాలు. కథకళిలో ఉదాత్త నాయకుల ముఖానికి పచ్చరంగు పూయడం వెనక ఉన్నదీ ఇదే భావన. కొచ్చిలో సాయంత్రం కథకళి చూసే ఆలోచన ఉన్నవారు ఉదయం ఈ గోడలు చూసి వెళితే వేషధారణ సగం అర్థమైనట్టే.

ఈ చిత్రాలను తడి గోడ మీద కాక పూర్తిగా ఆరిన గోడ మీద గీశారు. సున్నం, ఇసుక కలిపి గచ్చు చేసి, అందులో కరక్కాయ రసం వాడి, దాని మీద లేత కొబ్బరినీళ్ళలో కలిపిన సున్నాన్ని పలుచని పూతలుగా ఎన్నోసార్లు పూసేవారు. ఎరుపు, పసుపు రంగులు నేలలో దొరికే రాళ్ళ నుంచి, నలుపు నూనెదీపం మసి నుంచి, ఆకుపచ్చ నీలిమొక్క ఆకుల రసానికి ఒక చెట్టు పసుపు జిగురు చేర్చడం వల్ల వచ్చేవి. రంగు గోడను పట్టుకుని ఉండటానికి వేప జిగురు కలిపేవారు. మన కలంకారీ పనివారు బట్టను రంగుకు సిద్ధం చేయడానికి వాడే కరక్కాయే ఇక్కడ గోడను సిద్ధం చేయడానికీ వాడారన్నది నాకు ఎంతో ఇష్టమైన విషయం. ఈ పద్ధతి తెలిస్తే గోడను తాకవద్దని అంత గట్టిగా ఎందుకు చెబుతారో కూడా తెలుస్తుంది. సముద్రతీరపు తేమ ఇప్పటికే కొన్ని చోట్ల పూతను వదులు చేసింది, దాని మీద చెమట పట్టిన వేలు ఆనినా నష్టమే.

రామాయణం గది తర్వాత తప్పక వెతకవలసినది మెట్ల వైపున్న గదిలోని పూర్తికాని చిత్రం. అక్కడ రంగులు లేవు, గీత మాత్రమే ఉంది. నిండుగా రంగులద్దిన బొమ్మల్లో నగల పేర్పు మీదికి పోయే చూపు ఇక్కడ గీత మీద నిలుస్తుంది: కనురెప్ప వంపు ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో, భుజం నుంచి మోచేతి దాకా గీత ఎక్కడా తడబడకుండా ఎలా జారిందో, ఏది ముందు గీసి ఏది తర్వాతకు వదిలారో కనిపిస్తుంది. చిత్రకారుడి చేతిని ఇంత దగ్గరగా చూసే అవకాశం పూర్తయిన చిత్రాల్లో రాదు. దీని ముందు పది నిమిషాలు గడిపి మళ్ళీ పల్లియరకు వెళితే అంతకు ముందు గుంపుగా కనిపించిన బొమ్మలు ఈసారి విడివిడిగా కనిపిస్తాయి. వీలైనవారు ఈ రెండోసారి చూడటాన్ని మానుకోకూడదు.

కింది అంతస్తులోని అంతఃపుర గదుల్లో తర్వాతి కాలపు చిత్రాలున్నాయి. మోహినిని కౌగిలించుకున్న శివుడు, గోవర్ధనం ఎత్తిన కృష్ణుడు, గోపికల నడుమ ఉన్న కృష్ణుడు ప్రధానమైనవి. గీత మెత్తబడింది, దేహాలకు గుండ్రదనం వచ్చింది. వీటిలో కొన్ని శృంగార చిత్రాలని కుటుంబంతో వెళ్ళేవారు ముందే తెలుసుకుని ఉండటం మంచిది.

ఇక పట్టాభిషేక మండపం. తలెత్తి చూస్తే చెక్కడపు పనితో కొయ్య కప్పు ఉంటుంది. గోడలకు 1864 నుంచి పాలించిన కొచ్చి రాజుల నిలువెత్తు చిత్తరువులు ఉంటాయి. ఇవి పాశ్చాత్య పద్ధతిలో వేసినవి: వెలుగు ఒక పక్క నుంచి పడుతుంది, మరో పక్క నీడ ఉంటుంది, ముఖంలో ముడతలు కనిపిస్తాయి. పల్లియరలోని రాముడికి నీడ లేదు. ఒకే కప్పు కింద, కొన్ని అడుగుల దూరంలో, మనిషిని చిత్రించే రెండు భిన్నమైన మార్గాలు ఎదురెదురుగా ఉన్నాయి. ఈ తేడాను గమనించడం కోసమే చిత్తరువులను చివరికి ఉంచమన్నాను. దంతపు పల్లకి, అంబారీ, ఛత్రాలు, కత్తులు, పాత పటాలు తొందరగా చూసినా ఫరవాలేదు. పాత కొచ్చి పటం దగ్గర మాత్రం కాస్త ఆగి కోట ఎక్కడ ఉండేదో గుర్తుపెట్టుకుంటే మరుసటి రోజు ఫోర్ట్ కొచ్చిలో పనికివస్తుంది. నల్లగా నునుపుగా మెరిసే నేలను పాలరాయి అనుకోవద్దు. కాల్చిన కొబ్బరిచిప్పల బొగ్గు, సున్నం, మొక్కల రసాలు, గుడ్ల తెల్లసొన కలిపి మెరుగుపెట్టిన గచ్చు అది.

మొత్తం మీద ఈ భవనానికి రెండు గంటలు కావాలి. ప్రవేశ రుసుము నామమాత్రమే. ఫోటోల విషయంలో కాపలావారు చెప్పింది పాటించాలి, ఫ్లాష్ మాత్రం ఎవరు అడ్డుకోకపోయినా వాడకూడదు. చిన్న టార్చి వేసి గోడలను చూసే అలవాటు ఉన్నవారు దాన్నీ మానుకోవాలి.

సినగాగ్, యూదుల వీధి

రాజభవనం పక్కనే, రాజు ఇచ్చిన స్థలంలో, 1568లో కట్టినది పరదేశి సినగాగ్. పోర్చుగీసువారి దాడిలో దెబ్బతిని, డచ్చివారు వచ్చాక మళ్ళీ నిలబడింది. ఇది మ్యూజియం కాదు, ప్రార్థనామందిరం; భుజాలు, మోకాళ్ళు కప్పే దుస్తులు వేసుకోవాలి, చెప్పులు విప్పాలి, లోపల గొంతు తగ్గించాలి. ముందుగా బయటి గదిలో కొచ్చి యూదుల చరిత్రను చెప్పే చిత్రాల వరసను చూడాలి, ఎందుకంటే లోపల ఏ వివరణా లేకుండా నేరుగా ప్రార్థనా మండపంలోకే అడుగుపెడతారు. అక్కడ అందరూ పైన వేలాడే గాజు దీపాలనే చూస్తారు గాని నేల ఇంకా గొప్పది. 18వ శతాబ్దంలో చైనా నుంచి తెప్పించిన తెల్ల పింగాణీ పలకల మీద నీలిరంగుతో చేత్తో వేసిన చెట్లు, వంతెనలు, ఇళ్ళు ఉంటాయి. ఒకే దృశ్యం అనిపించే రెండు పలకల పక్కన కూర్చుని పోల్చి చూస్తే కుంచె ఒకచోట ఒత్తిపడటం, మరోచోట కొమ్మ పొట్టిగా ఆగిపోవడం కనిపిస్తాయి. బయట 1760 నాటి గడియార స్తంభం ఉంది. దాని ముఖాల మీద వేర్వేరు లిపుల అంకెలను గమనించాలి. కొచ్చి యూదుల్లో చాలామంది 1948 తర్వాత ఇజ్రాయెల్ వెళ్ళిపోయారు, ఇప్పుడు ఈ వీధిలో యూదుల ఇళ్ళు దాదాపు లేవు. ఆ సంగతి తెలిసి చూడటానికీ, తెలియక చూడటానికీ ఎంతో తేడా ఉంటుంది.

ఫోర్ట్ కొచ్చిలో రెండో రోజు

ఉదయం ఇండో-పోర్చుగీస్ మ్యూజియంతో మొదలుపెట్టాలి. బిషప్ నివాసపు ఆవరణలో ఉన్న ఈ చిన్న మ్యూజియంలో జనం తక్కువ. చర్చి పీఠాలు, ఊరేగింపు శిలువలు, గురువులు పూజకు వేసుకునే పట్టు ఉడుపులు ప్రధాన వస్తువులు. క్రైస్తవ పూజావిధానం తెలియనివారికి ఇవి ఏమిటో వెంటనే అందకపోవచ్చు. కొయ్యపని నుంచి మొదలుపెడితే మేలు. విషయం ఐరోపాది, చెక్కింది మాత్రం మలబారు వడ్రంగులు, ఆ చేతివాటం లతల్లో, పువ్వుల్లో, దేవదూతల ముఖాల్లో దాగదు. నేలమాళిగలో పోర్చుగీసువారి పాత ఇమ్మాన్యుయేల్ కోట గోడ భాగం కనిపిస్తుంది. ఆ కోటలో మిగిలినది బహు తక్కువ కాబట్టి దాన్ని చూడకుండా వెళ్ళవద్దు.

తర్వాత సెయింట్ ఫ్రాన్సిస్ చర్చి. వాస్కో డ గామా 1524లో కొచ్చిలోనే చనిపోయాడు, ఇక్కడే సమాధి చేశారు. 1539లో అవశేషాలను పోర్చుగల్‌కు తరలించారు. కంచె వేసిన సమాధి రాయి ముందు ఫోటో తీసుకుని వెనుదిరిగేవారే ఎక్కువ, కాని గోడలకు నిలబెట్టిన సమాధి ఫలకాలను చదవడంలో అసలు లాభం ఉంది. పోర్చుగీసువి ఒక పక్క, డచ్చివి ఎదురు పక్క ఉంటాయి. భాష రాకపోయినా వంశచిహ్నాలు, ఓడలు, పుర్రెలు, సంవత్సరాలు కనిపిస్తాయి. మచిలీపట్నంలోనూ భీమునిపట్నంలోనూ వర్తకం చేసి అక్కడే సమాధులైన డచ్చి కంపెనీవారి సాటివారే వీరు, భీమిలి డచ్చి శ్మశానం చూసినవారు ఆ పోలికను ఇట్టే పట్టుకుంటారు. కత్తోలికుల గుడిగా మొదలై, డచ్చివారి చేతిలో ప్రొటెస్టెంటు చర్చిగా, ఇంగ్లీషువారి కాలంలో ఆంగ్లికన్ చర్చిగా మారి, ఇప్పుడు దక్షిణ ఇండియా సంఘం (సి.ఎస్.ఐ.) అధీనంలో ఉంది. కప్పు నుంచి వేలాడే పొడవైన పంకాలను బయటి నుంచి మనుషులు తాళ్ళతో లాగేవారు. తాళ్ళు గోడలోంచి బయటికి పోయే కన్నాలను చూస్తే ఆ లాగేవారు ప్రార్థన సాగినంతసేపూ ఎండలోనే ఉండేవారని గుర్తుకు వస్తుంది.

మైదానం పక్కనున్న డేవిడ్ హాల్ 17వ శతాబ్ది చివర డచ్చివారు కట్టినది. మలబారు గవర్నరుగా ఉండి, ఇక్కడి వైద్యుడు ఇట్టి అచ్యుతన్ వంటివారి సాయంతో 12 సంపుటాల మొక్కల గ్రంథాన్ని తయారు చేయించిన వాన్ రీడ్ పేరును ఈ భవనంతో కలిపి చెబుతారు. ఇప్పుడు ఇందులో చిత్రప్రదర్శనలు జరుగుతుంటాయి.

నేటి కళ కోసం

2012 డిసెంబరు 12న కొచ్చి-ముజిరిస్ బినాలే మొదలైన తర్వాత ఫోర్ట్ కొచ్చి రూపం మారింది. చిత్రకారులు బోస్ కృష్ణమాచారి, రియాస్ కోము స్థాపించిన ఈ ప్రదర్శన సాధారణంగా రెండేళ్ళకు ఒకసారి, డిసెంబరు నుంచి సుమారు మార్చి చివరి దాకా జరుగుతుంది. 1867లో స్థాపితమైన ఇంగ్లీషు వర్తక సంస్థకు చెందిన ఆస్పిన్‌వాల్ హౌస్, పెప్పర్ హౌస్, మట్టాంచేరి గిడ్డంగులు దీనికి వేదికలయ్యాయి. వేదికలు ప్రతిసారీ కొంత మారతాయి. 2022లో ప్రారంభం డిసెంబరు 12 నుంచి 23కు వాయిదా పడింది. అందుకే మొదటి వారంలో కాక జనవరిలో వెళ్ళడం మంచిదంటాను.

ఇలాంటి కళ మనకు అర్థం కాదని ముందే తీర్మానించుకుని బయటే ఆగిపోయేవారిని చూస్తే నాకు బాధగా ఉంటుంది. గోడ మీది వివరణను ముందు చదవకుండా, ఎదురుగా ఉన్నది దేనితో చేశారో చూడాలి: కొబ్బరి పీచా, తుప్పు పట్టిన ఇనుమా, పాత ఉత్తరాలా, మాటలా. ఆ పదార్థం ఈ గిడ్డంగిలోకి ఎందుకు వచ్చిందన్న ప్రశ్న వేసుకుని, ఆ తర్వాత వివరణ చదివితే అది సరైన చోట అతుకుతుంది. వీడియోలను మధ్యలోంచి చూసి లేచిపోతే ప్రయోజనం లేదు. నిడివి చూసుకుని, ఎంచుకున్న రెండు మూడింటిని మొదటి నుంచి చివరి దాకా కూర్చుని చూడాలి. వేదికల్లో ఉండే ఆర్ట్ మీడియేటర్లను, అంటే కళాకృతులను వివరించేవారిని, మొహమాటం లేకుండా అడగవచ్చు. ఒక రోజులో రెండు వేదికలకు మించి పెట్టుకోవద్దు.

బినాలే లేని నెలల్లో వెళ్ళేవారు నిరాశపడనవసరం లేదు. ఫోర్ట్ కొచ్చి వీధుల్లో చిన్న గ్యాలరీలు ఉంటాయి, ఎర్నాకుళంలో రాజుల దర్బారుగా వెలసిన దర్బార్ హాల్‌లో కేరళ లలితకళా అకాడమీ ప్రదర్శనలు జరుగుతాయి.

మూడో రోజు దొరికితే

త్రిపుణితురలోని హిల్ ప్యాలెస్‌కు వెళ్ళాలి. కొచ్చి మెట్రో రైలు త్రిపుణితుర దాకా వెళుతుంది. 1865లో కట్టిన ఈ రాజసౌధం 49 భవనాల సముదాయం. మట్టాంచేరిలో చిత్తరువుల్లో చూసిన రాజుల కిరీటం, నగలు, ఆయుధాలు, శాసనాలు ఇక్కడ ఉన్నాయి కాబట్టి రాజభవనం తర్వాత చూస్తేనే దీనికి పూర్తి అర్థం వస్తుంది. తేవరలోని కేరళ ఫోక్‌లోర్ మ్యూజియం ఒక వ్యక్తి అభిరుచితో నిలిచిన ప్రైవేటు సంస్థ. మూడు అంతస్తుల్లో ముఖతొడుగులు, దీపాలు, వాద్యాలు, కొయ్య విగ్రహాలు కిక్కిరిసి ఉంటాయి. రెండింటిలో ఒకదానికే సమయం ఉంటే కొయ్యపని మీద ఆసక్తి ఉన్నవారు తేవరకు, చరిత్ర మీద ఆసక్తి ఉన్నవారు త్రిపుణితురకు వెళ్ళాలి.

పాత వస్తువులు కొనాలనుకునేవారికి ఒక మాట. యూదుల వీధిలో పురాతనమని చూపించేవాటిలో కొత్తగా చేసి పాతబరిచినవి చాలా ఉంటాయి. అందంగా ఉంటే కొత్తదనుకునే కొనాలి, పాతదన్న నమ్మకంతో ధర పెంచి ఇవ్వకూడదు. నిజంగా వందేళ్ళు దాటిన శిల్పాలు, చిత్రాలు, కొయ్యపనులు, 75 ఏళ్ళు దాటిన వ్రాతప్రతులు 1972 నాటి పురావస్తువుల చట్టం కిందికి వస్తాయి. వాటిని దేశం దాటించకూడదు, కొన్ని రకాలను ఇంట్లో ఉంచుకోవాలన్నా నమోదు చేయించాలి. విదేశాల్లో ఉన్న పిల్లలకు పంపే ఉద్దేశంతో కొనేవారు వస్తువు ఎప్పుడు తయారైందో బిల్లు మీద రాయించుకుని, దుకాణదారు అలా రాసి ఇవ్వడానికి సిద్ధపడకపోతే ఆ వస్తువును అక్కడే వదిలేయాలి.